మందుల షాపు నుంచి మాయిశ్చరైజర్ దాకా: కీల్స్ డబ్బా మీది 1851 ఎవరిది?

క్లుప్తంగా

అమెరికన్ చర్మ సంరక్షణ బ్రాండ్ కీల్స్ తన వయసును 1851 నుంచి లెక్కపెట్టుకుంటుంది. అది న్యూయార్క్‌లో ఒక మందుల షాపు తెరిచిన సంవత్సరం. షాపుకు పేరిచ్చిన జాన్ కీల్ దాన్ని కొన్నది 1894లో. చర్మ సంరక్షణ వ్యాపారంగా మార్చిన మోర్స్ కుటుంబం చేతికి అది వచ్చింది 1921లో. పేరుమోసిన క్రీములు, లోషన్లు ఎక్కువగా 1960ల తర్వాతివి. 2000 నుంచి యజమాని ఫ్రెంచ్ సౌందర్య సాధనాల కంపెనీ లోరియాల్. కౌంటర్ దగ్గర కొనేవాడికి నమ్మకం పుట్టించే పద్ధతే మందుల షాపు నుంచి ఈ వ్యాపారానికి దక్కిన అసలు ఆస్తి. ఆ పద్ధతి ఒక్క షాపులో ఎందుకు బాగా నడిచింది, ఎక్కడ చాలకుండా పోయింది, మన దేశంలో ఇలాంటి కుటుంబ వ్యాపారాలు వేరే దారి ఎందుకు పట్టాయి అన్నవి ఇక్కడ పరిశీలించిన అంశాలు.

ఒక మూల, మూడు చేతులు

‘ఫార్మసీ బ్రాండ్’, ‘అపోథికరీ ఫార్ములా’ (అపోథికరీ అంటే పాతకాలపు మందుల షాపు) అనే మాటలు ఇప్పుడు మన మాళ్లలోనూ ఆన్‌లైన్ షాపుల్లోనూ బాగా వినిపిస్తున్నాయి. గోధుమరంగు సీసా, తెల్ల లేబుల్, దాని మీద ఒక పాత సంవత్సరం కనిపిస్తే కొనేవాడికి అర్థమయ్యేది ఒకటే: ఈ మందు నూట డెబ్బై ఏళ్లుగా ఇలాగే తయారవుతోందని. చాలావరకు అది నిజం కాదు. ఆ సంవత్సరం దేనికి చెందిందో విడమరిచి చూడటానికి కీల్స్ మంచి ఉదాహరణ. దాని చరిత్రలో పెద్ద రహస్యాలేమీ లేవు, తేదీలన్నీ బయటే ఉన్నాయి.

మన్‌హాటన్‌లో థర్డ్ అవెన్యూ, 13వ వీధి కలిసే చోట 1851లో బ్రన్స్‌విక్ అపోథెకె అనే షాపు వెలిసింది. జర్మన్ వలసదారులు చిక్కగా ఉన్న ప్రాంతం కాబట్టి పేరు కూడా జర్మన్‌లోనే పెట్టారు. అక్కడ శిష్యరికం చేసిన జాన్ కీల్ 1894లో షాపును కొని తన పేరు పెట్టుకున్నాడు. ఆయన దగ్గర పని నేర్చుకున్న ఇర్వింగ్ మోర్స్ 1921లో దాన్ని కొన్నాడు. మోర్స్ రష్యా నుంచి వలస వచ్చిన యూదు, కొలంబియా విశ్వవిద్యాలయంలో ఔషధ శాస్త్రం చదివాడు. పేరు మార్చలేదు. అప్పటికే ఇరుగుపొరుగుకు అలవాటైన పేరును చెరిపేయడం ఏ షాపుకైనా నష్టమే.

అంటే ‘కుటుంబ వ్యాపారం’ అన్నప్పుడు ఆ కుటుంబం కీల్ వాళ్లది కాదు, మోర్స్ వాళ్లది. ఇర్వింగ్ కొడుకు ఆరన్ 1961లో పగ్గాలు పట్టాడు. ఆరన్ కూతురు జేమీ, ఆస్ట్రియా స్కీయర్ అయిన ఆమె భర్త క్లౌస్ హైడెగర్ 1988 నుంచి నడిపారు. 2000లో లోరియాల్‌కు అమ్మేదాకా మొత్తం మూడు తరాలు, 79 ఏళ్లు.

ఆ మూలకు షాపు కంటే పాత చరిత్ర ఉంది. డచ్ వలస పాలకుడు పీటర్ స్టైవెసెంట్ 1647 ప్రాంతంలో తెప్పించి నాటించినట్టు చెప్పే బేరిచెట్టు 1867 దాకా అక్కడే నిలబడి, బండి గుద్దుకుని కూలింది. అందుకే అది ‘బేరిచెట్టు మూల’ అయింది. 2003లో కంపెనీ అదే చోట మరో బేరిచెట్టు నాటించింది. అప్పటికి షాపు ఫ్రెంచ్ కంపెనీ లోరియాల్‌ది. చరిత్రను కొన్నవాళ్లు దాన్ని కొత్తగా నాటుకోవడం కూడా వ్యాపారంలో భాగమే.

ఖల్వంలో క్రీము ఎలా పుడుతుంది

మందుల షాపువాడు క్రీముల్లోకి రావడం వింతేమీ కాదు. పందొమ్మిదో శతాబ్దపు ఫార్మసీలో అమ్మకం కంటే కలపడమే పెద్ద పని. మన ఊళ్లలో ఒకప్పుడు డాక్టరు పక్కన కాంపౌండరు ఉండి, సీసాకు డోసుల కాగితం అంటించి మిక్చర్ పోసిచ్చేవాడు. అక్కడ ఆ పనంతా షాపుదే. ఆయింట్‌మెంటు కలపడానికి కావలసిన తక్కెడ, నీటి స్నానం, ఖల్వం, పలక, చదునుకత్తి ఉంటే ముఖానికి రాసే క్రీముకు కొత్తగా కొనాల్సిందేమీ లేదు.

ఉదాహరణకు కోల్డ్ క్రీము తీసుకోవచ్చు. దీని మూలం రెండో శతాబ్దపు వైద్యుడు గాలెన్ దాకా వెళుతుంది. ఆయన వాడినవి తేనెమైనం, ఆలివ్ నూనె, గులాబీ నీరు. మందుల అధికారిక ప్రమాణ గ్రంథమైన అమెరికన్ ఫార్మకోపియాలో స్థిరపడిన ఆధునిక రూపంలో ఒక కిలోకు కొలతలు ఇవి: సెటైల్ ఎస్టర్స్ మైనం 125 గ్రాములు, తెల్ల తేనెమైనం 120 గ్రాములు, మినరల్ ఆయిల్ 560 గ్రాములు, వెలిగారం, అంటే బోరాక్స్ 5 గ్రాములు, శుద్ధమైన నీరు 190 మి.లీ. మొదట్లో సెటైల్ ఎస్టర్స్ స్థానంలో తిమింగలం తల నుంచి తీసే స్పెర్మాసెటి వాడేవారు. 1970లలో తిమింగలాల రక్షణ చట్టాలు వచ్చాక కృత్రిమ మైనం ఆ చోటు తీసుకుంది. మినరల్ ఆయిల్ కంటే ముందు బాదం నూనె ఉండేది, కానీ అది కొన్ని వారాలకే కనరు వాసన కొట్టేది.

పద్ధతి సూటిగానే ఉంటుంది. రెండు మైనాలనూ చిన్న ముక్కలు చేసి ఆవిరి మీద కరిగించి, నూనె కలిపి 70 డిగ్రీలకు తేవాలి. వేరే గిన్నెలో నీటిని కూడా 70 డిగ్రీలకు వేడిచేసి అందులో వెలిగారం కరిగించాలి. ఆ నీటిని మైనంలోకి కొద్దికొద్దిగా పోస్తూ, గట్టిపడేదాకా చెయ్యి ఆపకుండా వేగంగా కలపాలి. సువాసన వేసేది చివర్లో, క్రీము బాగా చల్లారాకే. ముందే వేస్తే ఆవిరైపోతుంది.

చూడ్డానికి తేలికే అయినా చెడిపోయే దారులు చాలా ఉన్నాయి. నీరు చల్లగా ఉంటే అది తగిలిన చోటల్లా మైనం గడ్డకట్టి క్రీము రవ్వరవ్వగా వస్తుంది. తొందరపడి ఎక్కువ నీరు ఒకేసారి పోస్తే నీరూ నూనే కలవకుండా విడిపోతాయి. అతివేగంగా గిలకొడితే గాలి చిక్కుకుని, డబ్బాలో నింపిన వారానికి మట్టం దిగిపోయి తూకం తక్కువైనట్టు కనిపిస్తుంది.

అన్నిటికంటే చిక్కైన సమస్య తేనెమైనంలోనే ఉంది. వెలిగారం మైనంలోని ఆమ్లాలతో కలిసి అక్కడికక్కడే సబ్బుగా మారుతుంది, ఆ సబ్బే నీటినీ నూనెనూ పట్టి ఉంచుతుంది. అయితే తేనెమైనం ఆమ్ల విలువ, అంటే అందులో ఆమ్లం ఎంతుందో చెప్పే సంఖ్య, సరుకును బట్టి 17 నుంచి 24 దాకా మారుతుంది. 120 గ్రాముల మైనానికి 5 గ్రాముల వెలిగారం అన్న కొలత మారకపోయినా, మొదటి రకంలో 72 శాతం ఆమ్లం సబ్బవుతుంది, రెండో రకంలో 51 శాతమే. కొలతలన్నీ అవే, కలిపిన చెయ్యీ అదే, అయినా ఈ నెల క్రీము పోయిన నెల క్రీములా ఉండదు. కౌంటర్ వెనుక నిలబడిన ఫార్మసిస్టు దీన్ని చేతి అంచనాతో సరిచేసుకుంటాడు. ఫ్యాక్టరీలో చేతి అంచనా పనికిరాదు, ప్రతి మైనం బస్తానూ పరీక్షించాలి. కుటుంబ షాపు ముందుముందు ఎదుర్కొనబోయే సమస్య ఈ చిన్న లెక్కలోనే ఉంది.

మందు చెయ్యి జారాక మిగిలింది

మోర్స్ కుటుంబం క్రీముల వైపు తిరగడానికి అభిరుచి ఒక్కటే కారణం కాదు. ఇరవయ్యో శతాబ్దంలో అమెరికన్ ఫార్మసీ కాళ్ల కింద నేల కదిలింది. 1906 చట్టం మందుల లేబుళ్ల మీద అబద్ధాలను అరికట్టింది. సౌందర్య సాధనాల జోలికి అసలు పోలేదు. 1938 చట్టం మొదటిసారి వాటినీ పరిధిలోకి తెచ్చింది. కానీ కొత్త మందు అమ్మే ముందు అది హానికరం కాదని చూపాలన్న నియమం క్రీములకు వర్తించలేదు. రంగులు మినహా వేటికీ ముందస్తు అనుమతి అక్కర్లేదు. 1951 సవరణతో డాక్టరు చీటీ ఉంటేనే ఇవ్వాల్సిన మందులు వేరయ్యాయి. 1962 సవరణతో మందు పనిచేస్తుందని కూడా రుజువు చేయాల్సి వచ్చింది.

అదే సమయంలో మాత్రలు, క్యాప్స్యూళ్లు ఫ్యాక్టరీల నుంచి తయారై రావడం మొదలైంది. కలిపి ఇచ్చే పని తగ్గి, ఫార్మసిస్టు డబ్బాలోంచి లెక్కపెట్టి ఇచ్చేవాడయ్యాడు. గొలుసు షాపులు పెద్ద మొత్తంలో కొని తక్కువకు అమ్మగలవు కాబట్టి ఆ పనిలో చిన్న షాపు వాటితో నిలవలేదు. సొంతంగా తయారుచేసి, సొంత ధర పెట్టి, ఎవరి అనుమతీ లేకుండా అమ్ముకోగలిగిన సరుకు ఒక్కటే మిగిలింది: ఒంటికి రాసుకునేది.

ఆరన్ మోర్స్ బాధ్యత తీసుకున్న 1961కీ మందు పనిచేస్తుందని నిరూపించాలన్న 1962 సవరణకూ మధ్య ఒక్క ఏడాదే తేడా. రెండింటికీ నేరుగా సంబంధం అంటగట్టలేం గానీ, ఆ తర్వాత షాపు ఎటు నడిచిందో చూస్తే తర్కం తెలుస్తుంది. నేలమాళిగలో దొరికిన పాత కస్తూరి వాసన నూనెను 1963లో సీసాల్లో నింపి అమ్మారు. 1964లో చర్మాన్ని బిగుతుగా చేసే నీలిరంగు ఆస్ట్రింజెంట్ లోషన్ వచ్చింది. చిత్రకారుడు ఆండీ వార్హోల్ దాన్ని ఇష్టంగా వాడేవాడన్నది షాపు చెప్పుకునే కథ. పూరేకులు పైకి తేలుతూ కనిపించే కాలెండ్యులా టోనర్ కూడా ఆ దశాబ్దానిదే. ముదురు పసుపు రంగు క్రెమ్ ద కోర్ 1970లది. బీటా కెరోటిన్ వల్ల వచ్చిన ఆ పసుపు తెల్ల చొక్కాకు అంటుతుంది కూడా. డబ్బా మీద 1851 ఉన్నా, లోపలి సరుకులో ముఖ్యమైనదంతా ఆరన్ కాలానిది, ఆ తర్వాతిది.

ఇక్కడ పదాల పాత్ర కూడా ఉంది. ‘చర్మాన్ని తేమగా ఉంచుతుంది’ అంటే సౌందర్య సాధనం, ‘ఎగ్జిమా అనే చర్మ వ్యాధిని తగ్గిస్తుంది’ అంటే మందు. క్రీము అదే అయినా లేబుల్ మీది క్రియాపదం మారితే చట్టం మారిపోతుంది. మందుల షాపులో పెరిగిన వ్యాపారానికి ఈ గీత ఎక్కడుందో బాగా తెలుసు. తెల్ల కోటు, అస్థిపంజరం బొమ్మ, మందు సీసాల అలంకారం వైద్యం అన్న భావన కలిగిస్తాయి. లేబుల్ మాత్రం వైద్యం అనదు.

ప్రకటన బదులు పొట్లం

మోర్స్ కుటుంబం పత్రికల్లోనూ టీవీలోనూ ప్రకటనల మీద డబ్బు పెట్టలేదు. వచ్చినవాళ్లకు చిన్న పొట్లాలు, సీసాలు ఉచితంగా ఇచ్చి, వాడి చూసి మళ్లీ రమ్మనేవారు. ఇది ఉదారతలా కనిపించే గట్టి లెక్క. 50 మి.లీ. డబ్బాలోని క్రీముతో 3 మి.లీ. పొట్లాలు పదహారు నిండుతాయి. ముఖానికి ఒకసారికి మి.లీటరు కూడా అక్కర్లేదు కాబట్టి ఒక్కో పొట్లం మూడు నాలుగు రోజులు వస్తుంది. చర్మానికి పడుతుందా, జిడ్డుగా ఉందా, మంట పుట్టిందా అన్నది ఆ మూడు రోజుల్లో తేలుతుంది. ముడతలు తగ్గాయా లేదా అన్నది తేలదు. అయినా కొనాలా వద్దా అని మనిషి నిర్ణయించుకునేది మొదటి సంగతి మీదే.

ఈ పద్ధతి పనిచేయాలంటే రెండు షరతులు కుదరాలి. సరుకు అయిపోయేది, మళ్లీ కొనాల్సింది అయి ఉండాలి. పొట్లం తీసుకున్నవాడు తిరిగి అదే కౌంటరుకు రావాలి. పేట మందుల షాపుకు రెండూ సహజంగా ఉన్నాయి.

తెలుగువారికి ఇది కొత్త కాదు. కాశీనాథుని నాగేశ్వరరావు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టినప్పుడు సంగీత కచేరీల్లో డబ్బాలు ఉచితంగా పంచాడు. కచేరీకి వచ్చినవాళ్లు గంటలకొద్దీ ఒకేచోట కూర్చుంటారు. పక్కవాడు రాసుకున్న వాసన సభంతా తెలుస్తుంది. తలనొప్పికి రాసిన బామ్ చల్లదనం నిమిషాల్లో తెలిసిపోతుంది. పదణాల డబ్బాకు ఇంతకంటే మంచి ప్రచార వేదిక దొరకదు. తేడా ఏమిటంటే, బామ్‌కు మోర్స్ వారిలా సొంత కౌంటరు అక్కర్లేదు. నీరు లేని సరుకు కాబట్టి నెలల తరబడి చెడదు, ఏ కిరాణా కొట్టుకైనా పంపవచ్చు. అందుకే అది ఒక షాపుకు కట్టుబడిపోకుండా దేశమంతా తిరిగింది. ఆ లాభం ఆంధ్రపత్రికకు ఆసరా అయిన సంగతి తెలిసిందే.

ఒక్క షాపు ఎందుకు చాలలేదు

నీళ్లు కలిసిన క్రీము పరిస్థితి వేరు. అమెరికన్ ఫార్మకోపియా ఇప్పటి నియమం ప్రకారం, షాపులో కలిపిచ్చే నీటి ఆధారిత మందులో ప్రిజర్వేటివ్, అంటే చెడకుండా ఉంచే పదార్థం ఉంటే వాడకానికి గడువు 35 రోజులు. లేకుంటే ఫ్రిజ్‌లో 14 రోజులు. డిపార్ట్‌మెంట్ స్టోరుకు పంపే డబ్బా మాత్రం గోదాములో, లారీలో, షెల్ఫులో, ఆపై కొన్నవాళ్ల స్నానాల గదిలో కలిపి రెండు మూడేళ్లు నిలవాలి. మందుల షాపుకూ కర్మాగారానికీ మధ్య అసలు దూరం ఇదే.

ప్రిజర్వేటివ్ కలిపితే సరిపోతుందనుకోవడానికి లేదు. సోర్బేట్లు, బెంజోయేట్లు అనే ప్రిజర్వేటివ్‌లు పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) 5.5 కంటే తక్కువ ఉన్నచోటే గట్టిగా పనిచేస్తాయి. వెలిగారంతో చేసిన కోల్డ్ క్రీము క్షార గుణంతో ఉంటుంది కాబట్టి అందులో అవి దాదాపు వృథా. పారాబెన్లు అనే మరో రకం ప్రిజర్వేటివ్‌లు ఆ పరిధిలోనూ పనిచేస్తాయి. యూరప్ నియమాల్లో మిథైల్, ఇథైల్ పారాబెన్లకు ఒక్కోదానికి 0.4 శాతం, పారాబెన్లన్నీ కలిపి 0.8 శాతం పరిమితి. తర్వాత కొనుగోలుదారులకు పారాబెన్ అంటేనే అనుమానం మొదలయ్యేసరికి, కీల్స్ సహా చాలా బ్రాండ్లు పాత ఫార్ములాలను విప్పి మళ్లీ కట్టాల్సి వచ్చింది. ‘అదే పాత క్రీము’ అని చెప్పే డబ్బాలో పదార్థాల జాబితా రెండు మూడు సార్లు మారి ఉండటం ఈ రంగంలో మామూలే.

రెండో అడ్డంకి వేడి. కిలో క్రీము గిన్నెలో త్వరగానే చల్లారుతుంది. అదే ఆకారంలో 500 కిలోల పాత్ర కడితే కొలతలు దాదాపు ఎనిమిది రెట్లు పెరుగుతాయి, కిలోకు దక్కే ఉపరితలం ఎనిమిదో వంతుకు పడిపోతుంది. అంచులు గట్టిపడినా మధ్యలో ఇంకా వేడి ఉంటుంది. ఆ ఆలస్యంలో మైనం పెద్ద స్ఫటికాలుగా పేరుకుని క్రీము ఇసుకలా తగులుతుంది. దీన్ని తప్పించాలంటే చుట్టూ చల్లటి నీరు తిరిగే జాకెట్ పాత్ర, అంచులు గీకే తెడ్లు, నీటినీ నూనెనూ సన్నగా కలిపే హోమోజెనైజరు, గాలి లాగే వాక్యూం కావాలి. ఇవన్నీ లక్షల డాలర్ల పెట్టుబడితో వచ్చేవి. వాటిని ఖాళీగా ఉంచితే నష్టం, పూర్తిగా నడపాలంటే ఒక్క షాపు గిరాకీ చాలదు.

1990ల చివరికి కీల్స్ సరిగ్గా ఈ మధ్యలో ఇరుక్కుంది. సొంత షాపు ఒక్కటే ఉన్నా, అమెరికాలోనూ బయటా ఖరీదైన డిపార్ట్‌మెంట్ స్టోర్లలో సరుకుకు గిరాకీ విపరీతంగా పెరిగింది. కుటుంబ వ్యాపారానికి అప్పుడు మూడు దారులు: అప్పు చేసి కర్మాగారం పెంచడం, ఆర్డర్లు కాదనడం, అమ్మేయడం. ఆర్డరు పెరిగేకొద్దీ ముడిసరుకుకు డబ్బు ముందే కట్టాలి, స్టోర్ల నుంచి రాబడి నెలల తర్వాత వస్తుంది. వేగంగా పెరిగే చిన్న తయారీదారు లాభంలో ఉంటూనే చేతిలో నగదు లేక కటకటలాడేది అందుకే. 2000 ఏప్రిల్‌లో అమ్మకం ప్రకటన వెలువడింది.

కొన్నవాడు ఏం కొన్నాడు

లోరియాల్‌కు క్రీముల ఫార్ములాలు కొత్త కాదు; 1909లో రసాయన శాస్త్రవేత్త యూజీన్ షూలర్ పెట్టిన ఆ సంస్థకు సొంత ప్రయోగశాలలే ఎన్నో ఉన్నాయి. దానికి లేనిదల్లా కౌంటరు ఆచారం: తెల్ల కోటు వేసుకున్న మనిషి చర్మం చూసి, పొట్లం చేతిలో పెట్టి పంపడం. దాన్ని ముట్టుకోకుండా, వెనుక ఉన్న తయారీ, పరీక్షలు, రవాణా మాత్రం మార్చారు. ఒక్క షాపుగా ఉన్నది వందల కౌంటర్లయింది. 2010ల చివరికి వంద కోట్ల యూరోల అమ్మకాలు దాటిన లోరియాల్ ఖరీదైన బ్రాండ్లలో కీల్స్ చేరింది.

ఇదే కంపెనీ 2006లో బాడీ షాప్‌ను కూడా కొంది. 1976లో బ్రైటన్‌లో అనితా రాడిక్ పెట్టిన ఆ వ్యాపారానికి 652 మిలియన్ పౌండ్లు ఇచ్చి, చివరికి 2017లో బ్రెజిల్ కంపెనీ నాతురాకు అమ్మేసింది. రెండింటి తేడా గమనించదగ్గది. బాడీ షాప్ నమ్మకం యజమానురాలి ఉద్యమాల మీద, బహుళజాతి కంపెనీలకు ఎదురునిలిచే గొంతు మీద నిలబడింది; బహుళజాతి కంపెనీయే కొన్నాక ఆ గొంతు నప్పలేదు. కీల్స్ నమ్మకం ఒక పనితీరు మీద ఉంది. పనితీరును శిక్షణతో వేరే ఊళ్లో తిరిగి నిలబెట్టవచ్చు.

అమ్మకుండా నిలిచినవాళ్లూ అదే నగరంలో ఉన్నారు. 1838 నాటి సి.ఓ. బిగెలో ఫార్మసీ గ్రీనిచ్ విలేజ్‌లో ఇప్పటికీ చీటీ మందులు ఇస్తూనే ఉంది, దశాబ్దాలుగా గిన్స్‌బర్గ్ కుటుంబానిదే. వాళ్లు షాపును తమ దగ్గరే ఉంచుకుని, బ్రాండు పేరుతో సరుకు తయారుచేసే పనిలో పెద్ద కంపెనీతో భాగస్వామ్యం పెట్టుకున్నారు. పెరుగుదల తక్కువ, చేయి జారిందీ తక్కువే.

నివియా దారి పూర్తిగా వేరు. హాంబర్గ్ ఫార్మసిస్టు పాల్ బయర్స్‌డార్ఫ్ 1882లో పేటెంటు తీసుకున్నది మందు పూసిన ప్లాస్టరుకు. 1890లో ఆ వ్యాపారాన్ని కొన్న ఆస్కార్ ట్రోప్లోవిట్జ్, రసాయన శాస్త్రవేత్త ఐజాక్ లిఫ్‌షుట్జ్ గొర్రె ఉన్ని కొవ్వు నుంచి తీసిన యూసెరిట్‌తో 1911లో నివియా తెచ్చాడు. నూనెలో నీటిని స్థిరంగా పట్టి ఉంచే ఈ పదార్థం వల్ల, వెలిగారంతో కుస్తీ పట్టే పని తప్పింది. నిలవ ఉండే క్రీము దొరికింది కాబట్టి దాన్ని డబ్బాల్లో ప్రపంచమంతా పంపగలిగారు. ఇక్కడ వ్యాపారాన్ని మోసింది కౌంటరు కాదు, రసాయన శాస్త్రం.

మన దేశంలో గీత ఎక్కడుంది

మన దగ్గర మందుల షాపు ఇలా బ్రాండుగా మారడం దాదాపు అసాధ్యం, కారణం చట్టంలోనే ఉంది. మెడికల్ షాపుకు ఉండే 20, 21 ఫారాల లైసెన్సులు అమ్మకానికే. సొంతంగా క్రీము కలిపి పేరు పెట్టి అమ్మాలంటే 2020 కాస్మెటిక్స్ నియమాల కింద తయారీ లైసెన్సు విడిగా తీసుకోవాలి. క్రీము బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ప్రమాణం అందుకోవాలి: పీహెచ్ 4 నుంచి 9 మధ్య, గ్రాముకు సూక్ష్మజీవులు వెయ్యికి మించకూడదు, 45 డిగ్రీల వద్ద 48 గంటలు ఉంచినా విడిపోకూడదు. మే నెలలో రామగుండం, రెంటచింతల మీదుగా ఎండలో నిలిచే లారీ లోపలి వేడిని తలచుకుంటే ఆ 45 డిగ్రీలు మరీ కఠినమేమీ అనిపించదు. తయారీ స్థోమత లేనివాళ్లు వేరే కర్మాగారంలో చేయించుకునే లోన్ లైసెన్సు తీసుకుంటారు. మార్కెట్‌లోని చాలా కొత్త చర్మ సంరక్షణ బ్రాండ్లు ఇలా ఇతరుల చేత తయారు చేయించుకునేవే.

అందుకే ఇక్కడి పాత కుటుంబ కంపెనీలు షాపు నుంచి కాక తయారీ నుంచే మొదలయ్యాయి, సౌందర్య సాధనం అనిపించుకోకుండా మందుగానే ఉండటానికి పోరాడాయి. కలకత్తాలో గౌరమోహన్ దత్తా 1929లో స్వదేశీ స్ఫూర్తితో తెచ్చిన బోరోలిన్ యాంటీసెప్టిక్ క్రీముగానే నిలిచింది; బోరిక్ ఆమ్లం, జింక్ ఆక్సైడ్, లానోలిన్ దాని ప్రధాన పదార్థాలు, యాజమాన్యం నేటికీ ఆ కుటుంబానిదే. పెండార్కర్ కుటుంబం 1952లో బొంబాయిలో పెట్టిన విక్కో కంపెనీ తెచ్చిన పసుపు క్రీము మీద ఎక్సైజు శాఖతో దశాబ్దాల వ్యాజ్యం నడిచింది. అది ముఖానికి రాసుకునే సాధనం కాబట్టి ఎక్కువ పన్ను కట్టాలన్నది శాఖ వాదన. ఆయుర్వేద మందు అన్నది కంపెనీ వాదన. 2004లో సుప్రీంకోర్టు కంపెనీ వైపే తీర్పిచ్చింది. తమది కాస్మెటిక్ కాదని టీవీ ప్రకటనల్లో పదేపదే పాడటం వెనుక ఆ వ్యాజ్యపు అవసరం కూడా ఉంది.

న్యూయార్క్ షాపు మందు వేషం వేసుకుని కాస్మెటిక్‌గా అమ్మితే, మన కంపెనీలు కాస్మెటిక్ వాడకం ఉన్న సరుకును మందుగా అమ్మాయి. రెండూ తమ తమ చట్టాలకు తగ్గ తెలివే. ఆ తేడా ఇప్పటికీ డబ్బుగా కనిపిస్తుంది: 2025 సెప్టెంబరు 22 నుంచి అమల్లో ఉన్న జీఎస్టీ రేట్లలో ఆయుర్వేద మందులతో సహా ఔషధాల మీద పన్ను 5 శాతం, చర్మానికి రాసే క్రీముల మీద 18 శాతం. వంద రూపాయల సరుకు మీద పదమూడు రూపాయల తేడా వర్గీకరణ వల్లే వస్తుంది.

డబ్బా కొనేటప్పుడు ఈ గీతను పట్టుకోవడం కష్టమేమీ కాదు. లేబుల్ మీద కాస్మెటిక్ తయారీ లైసెన్సు నంబరు ఉందా, ఔషధ లైసెన్సు నంబరు ఉందా చూడాలి. దిగుమతి సరుకైతే రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ నంబరు, దిగుమతిదారు చిరునామా ఉండాలి. అవి లేనిది దొడ్డిదారిన వచ్చిందనుకోవచ్చు. పదార్థాల జాబితా ఎక్కువ నుంచి తక్కువకు రాస్తారు, ఒక శాతం లోపువి ఆ వరసలో ఉండనక్కర్లేదు. సాధారణంగా ఒక శాతం దాటని ఫినాక్సీఇథనాల్ అనే ప్రిజర్వేటివ్ జాబితాలో ఎక్కడుందో వెతికితే ఆ హద్దు సుమారుగా తెలుస్తుంది. డబ్బా ముందు భాగంలో పెద్దక్షరాల్లో ఉన్న పువ్వో వేరో దాని తర్వాత కనిపిస్తే, క్రీములో ఉన్నది బహుశా చిటికెడే.